బుల్లెట్‌కు ఏ సైలెన్సర్? ధ్వనికీ పికప్‌కీ ఉన్న లెక్క

రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, క్లాసిక్ 350 బండ్లు నడిపేవారు సైలెన్సర్ మార్పించుకోవడానికి మెకానిక్ దగ్గరికి వెళ్ళినప్పుడు దాదాపు అందరూ ఒకే మాట అడుగుతారు: సౌండ్ గంభీరంగా రావాలి, పికప్ తగ్గకూడదు. ఆ కోరికలో తప్పేమీ లేదు. రెండింటినీ ఒకే డబ్బా తీరుస్తుందనుకోవడం దగ్గరే లెక్క తప్పుతుంది. గొట్టం చివర వినిపించే ధ్వనిని ఎక్కువగా నిర్ణయించేది సైలెన్సర్ లోపలి నిర్మాణం. తక్కువ ఆర్‌పీఎంలో, అంటే ఇంజిన్ నిమిషానికి తక్కువ చుట్లు తిరిగేటప్పుడు, దాని లాగుడును నిర్ణయించేది ముందుగా ఇంజిన్ సొంత కొలతలు, ఆ తరువాత ఇంజిన్ నుంచి సైలెన్సర్ దాకా వెళ్ళే బెండ్ పైప్ పొడవు, ఆ పైప్ లోపలి వ్యాసం. సైలెన్సర్ మార్చడం వల్ల కింది ఆర్‌పీఎంలో పికప్ పెరగడం అరుదు, తగ్గడం మాత్రం చాలా తేలిక. కాబట్టి ఇక్కడ మంచి ఎంపిక అంటే ఉన్న లాగుడు చెడకుండా ధ్వనిని మార్చుకోవడమే.

ముందు ధ్వని సంగతి. నాలుగు స్ట్రోకుల సింగిల్ సిలిండర్ ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి ఇంధనం మండుతుంది. బండి నిలబడి 1000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతున్నప్పుడు సెకనుకు సుమారు ఎనిమిది దెబ్బలు పడతాయి. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌ను మెకానిక్ ఇంకా నిదానంగా, 700 దగ్గర నిలబెడితే ఆ సంఖ్య ఆరుకు దిగుతుంది. మనిషి చెవి సెకనుకు ఇరవై కంపనాలు దాటిన తరువాతే వాటిని ఒక స్వరంగా వింటుంది, అంతకు తక్కువైతే విడివిడి దెబ్బలుగా వింటుంది. బుల్లెట్ ధ్వనిలో జనం ‘దమ్ము’ అని ఇష్టపడే గుణమంతా ఈ విడివిడితనంలోనే ఉంది. అదే బండి 3000 ఆర్‌పీఎంకు చేరగానే దెబ్బలు సెకనుకు ఇరవై అయిదు అవుతాయి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి రొదగా మారతాయి. ఏ సైలెన్సర్ బిగించినా ఈ అంకగణితం మారదు. ఊరి వీధిలో నెమ్మదిగా వెళ్తున్నప్పుడు వినిపించే దమ్ము హైవే మీద కూడా అలాగే వినిపించాలని కోరుకునేవారు చివరికి కొనుక్కునేది పెద్ద శబ్దాన్నే.

ఒక్కో దెబ్బలోనూ రెండు భాగాలు ఉంటాయి. కాలిన వాయువును బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకున్న క్షణంలో సిలిండర్‌లో ఇంకా మిగిలి ఉన్న పీడనం ఒక్కసారిగా బయటికి దూకడం వల్ల పుట్టే పదునైన చిట్లుడు ఒకటి, దాని వెనక వచ్చే బరువైన గుమ్మనే ధ్వని రెండోది. చెవిని పొడిచేది మొదటిది, గుండెకు తగిలేది రెండోది. మొదటిదాన్ని మింగి రెండోదాన్ని మిగిల్చే సైలెన్సర్ మంచిది. రెండింటినీ యథాతథంగా వదిలేసే సైలెన్సర్ డెసిబెల్స్ పెంచుతుంది కానీ గాంభీర్యాన్ని పెంచదు.

కొత్త బండ్లలో పాత దమ్ము లేదనే ఫిర్యాదుకు కారణం సైలెన్సర్ ఒక్కటే కాదన్నది ఇక్కడే చెప్పుకోవాలి. చాలా కాలం నడిచిన 346 సీసీ ఇంజిన్‌కు సిలిండర్ వ్యాసం 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 90 మిల్లీమీటర్లు. 2020లో మీటియర్‌తో మొదలై 2021లో క్లాసిక్‌కు, 2023లో బుల్లెట్‌కు వచ్చిన 349 సీసీ ఇంజిన్‌కు ఆ కొలతలు 72, 85.8 మిల్లీమీటర్లు. కొత్త ఇంజిన్‌లో కంపనాలను అణిచే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది, పాతదాంట్లో లేదు. పాత బండి మీద కూర్చున్నవాడికి దమ్ము చెవికి మాత్రమే కాక సీటుకు, హ్యాండిల్‌కు, పాదాలకు కూడా తెలిసేది. ఆ అనుభూతిలో ఇంజిన్ వణుకు వాటా పెద్దది. ఎంత ఖరీదు పెట్టినా ఏ సైలెన్సరూ దాన్ని తిరిగి తేలేదు.

ఫ్యాక్టరీ సైలెన్సర్‌ను గ్రైండర్‌తో నిలువునా కోసి చూస్తే లోపల ఖాళీ గొట్టం కనిపించదు. అడ్డుపలకలతో రెండు మూడు గదులు చేసి ఉంటాయి. వాయువు ఒక గొట్టంలో చివరి గది దాకా వెళ్ళి, అక్కడ వెనక్కి మళ్ళి, మరో గొట్టంలో ముందుకొచ్చి, మళ్ళీ తిరిగి బయటికి పోతుంది. పలకల అంచుల్లో నల్లటి మసి, అడుగున తుప్పు కనిపిస్తాయి. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ కింది చిన్న చిల్లులోంచి కారే నీటి చుక్కలు కూర్చునే చోటు అదే. గది నుంచి గదికి మారినప్పుడల్లా ధ్వని తరంగంలో కొంత వెనక్కి మళ్ళి, ఎదురొచ్చే తరంగంతో కొట్టుకుని నశిస్తుంది. ఈ పద్ధతి తక్కువ పౌనఃపున్యాలను కూడా అణచగలదు, కాకపోతే దానికి చోటు కావాలి. సైలెన్సర్ లోపలి ఘనపరిమాణం సిలిండర్ ఘనపరిమాణానికి కనీసం పది రెట్లు ఉండాలని ఇంజినీర్లు ఒక మోటు లెక్క వేసుకుంటారు. 350 సీసీ బండికి అది మూడున్నర లీటర్లు. ఫ్యాక్టరీ డబ్బా అంత లావుగా, అంత పొడవుగా ఉండడం వెనక ఉన్నది ఈ అవసరమే.

రెండో పద్ధతిలో తిన్నటి చిల్లుల గొట్టం చుట్టూ గ్లాస్ వూల్ కూరి, పైన తొడుగు వేస్తారు. వాయువు అడ్డం లేకుండా సూటిగా పోతుంది, తరంగాల శక్తి చిల్లుల ద్వారా వూల్‌లోకి వెళ్ళి వేడిగా మారుతుంది. గ్లాస్ వూల్ పదునైన ఎక్కువ పౌనఃపున్యాలను బాగా మింగుతుంది, తక్కువ వాటిని పెద్దగా పట్టించుకోదు. అంటే చిట్లుడు పోయి గుమ్మనే ధ్వని మిగులుతుంది. దమ్ము కోరుకునేవారికి సిద్ధాంతరీత్యా ఇదే సరైన రకం. అయితే ఈ గుణమంతా లోపలి వూల్ మీద ఆధారపడి ఉంది. పలచగా కూరిన నాసిరకం వూల్ వేడికి పొడిబారి, దెబ్బలకు కొంచెం కొంచెంగా చిల్లుల్లోంచి బయటికి ఎగిరిపోతుంది. కొన్న కొత్తలో ముద్దుగా వినిపించిన బండి కొన్ని వేల కిలోమీటర్లకు రేకు డబ్బా కొట్టినట్టు మోగడం మొదలైతే లోపల వూల్ అయిపోయిందనే అర్థం. రివిట్లు తీసి మళ్ళీ వూల్ నింపడానికి వీలైనదా, మూతి వెల్డింగ్ చేసి మూసేసినదా అన్నది కొనేముందే చూసుకోవాలి.

ఇక పికప్. సైలెన్సర్ గురించి మాట్లాడే చోటల్లా వినిపించే నమ్మకం ఒకటుంది: ఇంజిన్‌కు కొంత బ్యాక్ ప్రెషర్ ఉండాలి, లేకపోతే కింది లాగుడు పోతుంది. వాయువు అడ్డం లేకుండా పోయే ఫ్రీ ఫ్లో సైలెన్సర్ బిగించాక లాగుడు తగ్గడం చాలామంది స్వయంగా చూసిందే కాబట్టి ఈ నమ్మకం బలంగా నాటుకుంది. చూసింది నిజమే, చెప్పిన కారణం మాత్రం సరికాదు. వాయువు బయటికి పోకుండా అడ్డుపడే పీడనం ఏ ఇంజిన్‌కూ మేలు చేయదు, పిస్టన్ దాన్ని నెట్టుకుంటూ పోవడానికే శక్తి ఖర్చు చేయాల్సి వస్తుంది. ఇంజిన్‌కు నిజంగా కావలసినవి రెండు: గొట్టంలో వాయువుకు తగినంత వేగం, సరైన క్షణంలో వాల్వ్ దగ్గరికి తిరిగొచ్చే తరంగం.

తరంగం సంగతి అంకెలతో చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకున్నాక క్రాంక్ సుమారు 240 డిగ్రీలు తిరిగేసరికి ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ వాల్వ్‌లు రెండూ కొద్దిగా తెరిచి ఉండే ఘడియ వస్తుంది. ఆ ఘడియలో వాల్వ్ బయట పీడనం తగ్గి ఉంటే మిగిలిన పాత వాయువు బయటికి లాగబడి, గాలి, పెట్రోలు కలిసిన కొత్త మిశ్రమం లోపలికి చురుగ్గా వస్తుంది. పీడనం పెరిగి ఉంటే పాత వాయువే వెనక్కి తన్నుతుంది. వేడి ఎగ్జాస్ట్ వాయువులో ధ్వని సెకనుకు సుమారు 500 మీటర్లు ప్రయాణిస్తుందనుకుంటే, ఒక మీటరు పొడవైన గొట్టంలో తరంగం చివరిదాకా వెళ్ళి తిరిగి రావడానికి 4 మిల్లీసెకన్లు పడుతుంది. తెరిచిన చివర నుంచి మళ్ళిన తరంగం గుణం మార్చుకుని పీడనం తగ్గించేదిగా వస్తుంది, రెండో చుట్టులో, అంటే 8 మిల్లీసెకన్లకు, పీడనం పెంచేదిగా వస్తుంది, 12 మిల్లీసెకన్లకు మళ్ళీ తగ్గించేదిగా వస్తుంది. ఇప్పుడు 3000 ఆర్‌పీఎంలో 240 డిగ్రీలు తిరగడానికి పట్టే కాలం 13 మిల్లీసెకన్ల పైచిలుకు. మూడో చుట్టు తరంగం దాదాపు అదే సమయానికి వచ్చి ఇంజిన్‌కు సాయపడుతుంది. అదే గొట్టంతో 5000 ఆర్‌పీఎంకు వెళ్తే ఆ కాలం 8 మిల్లీసెకన్లకు తగ్గుతుంది, సరిగ్గా అప్పుడు వచ్చేది అడ్డుపడే తరంగం. ఒకే గొట్టం ఒక వేగంలో తోడై, మరో వేగంలో మోకాలడ్డుతుంది. నిజమైన బండిలో సైలెన్సర్ గదులు, మలుపులు ఈ తరంగాలను చెదరగొట్టి మెత్తబరుస్తాయి కాబట్టి లెక్క ఇంత శుభ్రంగా ఉండదు. కానీ అసలు కీలకం ఇదే. ఫ్యాక్టరీ గదులను తీసేసి పొట్టి గొట్టం పెట్టినప్పుడు తరంగం తిరిగొచ్చే దూరం మారిపోతుంది. రోజూ వాడే 2000 నుంచి 3500 ఆర్‌పీఎం మధ్యలో ఎక్కడో లాగుడులో ఒక గుంట పడుతుంది, నడిపేవాడికి అది థ్రాటిల్ తిప్పినా బండి ఒక క్షణం ఆలోచించినట్టు తెలుస్తుంది.

వేగం సంగతి ఇంకా సులువు. 32 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న దారిని 38కి పెంచితే చూడ్డానికి ఆరు మిల్లీమీటర్లే తేడా, కానీ వైశాల్యం 41 శాతం పెరుగుతుంది, అదే వాయువు అందులో దాదాపు 30 శాతం తక్కువ వేగంతో కదులుతుంది. ఎక్కువ ఆర్‌పీఎంలో వాయువు చాలా ఉంటుంది కాబట్టి వెడల్పు దారి మేలు చేయవచ్చు. 27 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్క్‌ను 4000 ఆర్‌పీఎంలోనే ఇచ్చి, 6100 దగ్గర 20.2 హార్స్‌పవర్‌తో ఆగిపోయే ఇంజిన్‌కు ఆ మేలు అందుకునే అవకాశమే తక్కువ. అరకు వెళ్ళే అనంతగిరి ఘాట్ మీద వెనక మనిషిని, సామానును పెట్టుకుని మూడో గేరులో మలుపు తిరిగి ఎక్కేటప్పుడు ఈ 30 శాతం వేగం విలువ తెలుస్తుంది. రేసు బండ్ల నుంచి పుట్టిన వెడల్పు గొట్టం మోజు ఈ ఇంజిన్‌కు ఏ విధంగానూ తగదు.

ఆ రేసు బండ్ల చరిత్రే ఇందుకు సాక్ష్యం. బ్రిటిష్ సింగిల్ సిలిండర్ రేసు బండ్లకు వెనక వెడల్పయ్యే మెగాఫోన్ గొట్టాలు పెట్టినప్పుడు పై ఆర్‌పీఎంలో శక్తి బాగా పెరిగింది, కింద మాత్రం బండి కదలనంటూ మొరాయించేది. ఆ జబ్బుకు మెగాఫోనైటిస్ అనే పేరే వచ్చింది. మలుపుల దగ్గర రైడర్లు క్లచ్ జారుస్తూ ఆ గండం దాటేవారు, తరువాత చివర మళ్ళీ ఇరుకయ్యే శంకువు జోడించి కొంత సర్దుబాటు చేశారు. మన షాపుల్లో గోల్డ్‌స్టార్ పేరుతో దొరికే సైలెన్సర్లు ఆ కాలపు బీఎస్ఏ గోల్డ్ స్టార్ బండి నుంచి పేరు, బయటి ఆకారం తెచ్చుకున్నవే. లోపల మాత్రం చాలావరకు మామూలు చిల్లుల గొట్టమే ఉంటుంది. షార్ట్ బాటిల్, లాంగ్ బాటిల్, డాల్ఫిన్, ఇందోరి, పంజాబ్ అని అమ్మే వాటికీ ఇదే వర్తిస్తుంది. ఆ పేర్లు ఆకారాన్నో, ఊరినో చెబుతాయి కానీ లోపలి నిర్మాణాన్ని చెప్పవు. ఒకే పేరుతో రెండు షాపుల్లో అమ్మే రెండు డబ్బాలు లోపల పూర్తిగా వేరుగా ఉండవచ్చు. పేరు చూసి కొనేవారికి ఏది దక్కుతుందన్నది అదృష్టం.

గాలి దారి మారితే ఇంధనం లెక్క కూడా మారుతుంది. కార్బురేటర్ ఉన్న పాత బండికి తేలికగా ఊపిరి వదిలే సైలెన్సర్ పెడితే మిశ్రమం పలచబడుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలులో ఆక్సిజన్ ఉండడం వల్ల అది మరికొంత పలచబడుతుంది. ప్లగ్ తీసి చూస్తే గోధుమ రంగుకు బదులు తెల్లగా కాలి ఉండడం దీనికి గుర్తు. కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే మెయిన్ జెట్‌ను ఒకటి రెండు సైజులు పెంచి సరిచేయకపోతే ఇంజిన్ వేడెక్కుతుంది, లాగుడూ తగ్గుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సర్ నిలకడ వేగంలో మిశ్రమాన్ని కొంతవరకు సరిదిద్దుతుంది, థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు మాత్రం కంప్యూటర్ ముందే రాసిపెట్టుకున్న పట్టికనే నమ్ముకుంటుంది.

థ్రాటిల్ వదలగానే సైలెన్సర్‌లో పటపటమని పేలే శబ్దాన్ని శక్తికి గుర్తుగా భావించేవారున్నారు. సిలిండర్‌లో కాలకుండా వచ్చిన ఇంధనం వేడి గొట్టంలో గాలి తగిలి మండడమే ఆ శబ్దం. చాలాసార్లు దానికి మూలం బెండ్ పైప్ మూతి దగ్గర గాస్కెట్ సరిగా కూర్చోకపోవడం. అక్కడి సందులోంచి ఒక్కో దెబ్బ తరువాత బయటి గాలి లోపలికి పీలుస్తుంది. ఆ గాలి సెన్సర్‌ను చేరితే మిశ్రమం పలచగా ఉందని కంప్యూటర్ పొరబడి పెట్రోలు పెంచుతుంది, మైలేజీ పడిపోతుంది. సైలెన్సర్ మార్చిన ప్రతిసారీ పాత గాస్కెట్‌నే తిరిగి వాడడం వంటి చిన్న పొదుపు ఇంత దాకా తీసుకొస్తుంది.

2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండ్లలో విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తీయించడం మరో పెద్ద తప్పు. దాన్ని తీస్తే విషవాయువులు నేరుగా వెనక వచ్చేవారి ముఖాల మీదికి పోతాయి. ఇంత చేసినా, మధ్య ఆర్‌పీఎంలో నడిచే 20 హార్స్‌పవర్ ఇంజిన్‌కు దక్కేది స్వల్పం. కన్వర్టర్ బెండ్ పైప్‌లోనే ఉండి దాని వెనక సైలెన్సర్ మాత్రం విడిగా మార్చగలిగే అమరిక ఉంటే అదే ఎంచుకోదగినది.

చట్టం విషయంలో ఇప్పటికీ చాలామందికి స్పష్టత లేదు. 175 సీసీ దాటిన ద్విచక్ర వాహనాలకు తయారీ దశలో పరిమితి 80 డెసిబెల్స్. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ ప్రకారం శబ్ద కాలుష్య ప్రమాణాలు మీరితే మూడు నెలల దాకా జైలు, పది వేల దాకా జరిమానా ఉండవచ్చు. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా మార్పులు చేయించుకున్న యజమానికి 182-ఏ సెక్షన్ ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా విధించడానికి వీలిస్తుంది. విశాఖపట్నంలో, హైదరాబాద్‌లో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు మీద వరుసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించడం తెలిసిందే. దానికి తోడు ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం. అక్కడ పగటి పరిమితి 50 డెసిబెల్స్, రాత్రి 40. రాత్రి పదకొండు గంటలకు ఇరుకు సందులో పసిపిల్ల నిద్రపోతున్న ఇంటి ముందు నుంచి ఖాళీ డబ్బా సైలెన్సర్‌తో పోయే బండి ఎలా వినిపిస్తుందో ఆ ఇంట్లోవాళ్ళను అడగాలి. డెసిబెల్ పది పెరిగితే చెవికి శబ్దం రెట్టింపైనట్టు తోస్తుంది. గాంభీర్యం కోసం అన్ని డెసిబెల్స్ అవసరమే లేదు.

షాపులో నిలబడి చూడవలసినవి కొన్నే. సెల్‌ఫోన్ టార్చ్ వెలుగు సైలెన్సర్ వెనక మూతిలో వేసి చూసినప్పుడు అవతలి చివర వెలుతురు నేరుగా కనిపిస్తే, గొట్టం గోడకు చిల్లులు లేకపోతే అది వట్టి గొట్టమే, దాన్ని పక్కన పెట్టడమే మంచిది. చిల్లులుంటే వేలితో తడిమి వెనక వూల్ ఒత్తుగా ఉందో లేదో తెలుసుకోవచ్చు. లోపలి గొట్టం వ్యాసం బెండ్ పైప్ వ్యాసానికి దగ్గరగా ఉండాలి, ఎంత వెడల్పైతే అంత మంచిదనే అమ్మకందారు మాటను పట్టించుకోనక్కర్లేదు. పొట్టిదానికంటే పొడవైనది, సన్నదానికంటే లావుది ఈ ఇంజిన్‌కు నప్పుతాయి, ఎందుకంటే కింది ధ్వనికి చోటు కావాలి. రేకు మందం కూడా ముఖ్యమే. పలచటి రేకు తనే మోగి, బండి ధ్వనికి లోహపు జీర తగిలిస్తుంది. వేలి కణుపుతో కొడితే టంగుమని మోగేదానికంటే దబ్బుమని మూగగా పలికేది మేలు.

పికప్ మీదే అసలు మక్కువ ఉన్నవారు సైలెన్సర్ మీద పెట్టే డబ్బును వేరే చోట పెట్టడం మంచిది. చైన్‌ను తిప్పే ముందు పళ్ళ చక్రానికి, అంటే స్ప్రాకెట్‌కు, పద్దెనిమిది పళ్ళుంటే దాన్ని పదిహేడుకు తగ్గించినప్పుడు ప్రతి గేరులోనూ వెనక చక్రానికి అందే లాగుడు సుమారు ఆరు శాతం పెరుగుతుంది, హైవే మీద ఇంజిన్ అంతే ఎక్కువ తిరగాల్సి వస్తుంది. సైలెన్సర్ ద్వారా అంత పెరుగుదల ఈ ఇంజిన్‌కు రాదు. తేలిక సైలెన్సర్ వల్ల మూడు కిలోలు తగ్గుతాయని చెప్పే మాటకు కూడా విలువ తక్కువే, 195 కిలోల బండి మీద 70 కిలోల మనిషి కూర్చున్నాక అది ఒక శాతం చిల్లర.

మార్చాక పరీక్షించుకునేందుకు చెవిని నమ్మకూడదు. శబ్దం పెరిగితే వేగం పెరిగినట్టే మనసుకు తోస్తుంది. ఖాళీగా ఉన్న ఒకే రోడ్డు మీద, ఒకే దిక్కుకు, మూడో గేరులో 30 నుంచి 60 కిలోమీటర్ల వేగానికి చేరడానికి పట్టే సమయాన్ని పాత సైలెన్సర్‌తో అయిదుసార్లు, కొత్తదానితో అయిదుసార్లు ఫోన్‌లో వీడియో తీసి లెక్కపెడితే సంగతి తేలిపోతుంది. సమయం పెరిగితే లాగుడు తగ్గినట్టే, అప్పుడు కొత్తదాన్ని విప్పి పాతదాన్ని బిగించుకోవడానికి వెనకాడనక్కర్లేదు. అందుకే ఫ్యాక్టరీ సైలెన్సర్‌ను పాత ఇనుము కిందో, మారకం కిందో ఇచ్చేయకుండా, లోపలి తడి ఆరబెట్టి, మూతికి గుడ్డ కట్టి అటక మీద దాచుకోవాలి. పదిహేనేళ్ళకు రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం ఆర్‌టీఏ ఆఫీసుకు వెళ్ళినప్పుడు బండికి ఉండవలసింది అదే.